సోప్ ఒపెరా: ప్రేక్షకుల మాట చెల్లిన చరిత్ర, చెల్లని చరిత్ర

సోప్ ఒపెరా అంటే ముగింపు ఎప్పుడో ముందుగా నిర్ణయించుకోకుండా ఏళ్ల తరబడి సాగే కుటుంబ ధారావాహిక. 1930 ప్రాంతంలో అమెరికా రేడియోలో పుట్టింది. సబ్బులు, బట్టల పొడులు అమ్మే కంపెనీలే దీనికి డబ్బు పెట్టేవి కాబట్టి పత్రికలవాళ్లు వెటకారంగా ఈ పేరు తగిలించారు. అదే నిలిచిపోయింది. తెలుగిళ్లలో సాయంత్రం నుంచి రాత్రి దాకా నడిచే సీరియళ్లకు ఇది మేనత్త వరస.

నవలకూ సినిమాకూ లేని వెసులుబాటు ఒకటి ఈ ప్రక్రియకుంది. రాసేవాళ్లు ఇంకా రాస్తుండగానే జనం చూస్తుంటారు. నచ్చని సంగతి జరిగితే ఉత్తరం రాస్తారు. ఆ ఉత్తరం చేరేటప్పటికి కథ ఇంకా నడుస్తూనే ఉంటుంది, మార్చుకోవడానికి వీలుంటుంది. అందుకే సోప్ ఒపెరా చరిత్రలో సగం రచయితలదీ నటులదీ అయితే, మిగతా సగం ప్రేక్షకుల అలకలది.

రేడియో రోజులు

షికాగోలోని డబ్ల్యుజిఎన్ స్టేషన్ 1930 అక్టోబరులో ‘పెయింటెడ్ డ్రీమ్స్’ అనే రోజువారీ నాటకం మొదలుపెట్టింది. తొలి సోప్ ఒపెరాగా ఎక్కువమంది దీన్నే లెక్కిస్తారు. రాసినావిడ ఇర్నా ఫిలిప్స్, అంతకుముందు బడిలో పాఠాలు చెప్పేవారు. కథ మీద హక్కు తనదా స్టేషన్‌దా అన్న తగాదా కోర్టుకెక్కింది. ఆమె ఓడిపోయారు. ఈలోగానే ఎన్‌బీసీకి వెళ్లి ‘టుడేస్ చిల్డ్రన్’ మొదలుపెట్టారు. ఎపిసోడు చివర కథను సరిగ్గా పీటముడి దగ్గర ఆపడం, దృశ్యానికీ దృశ్యానికీ మధ్య ఆర్గాన్ వాయించడం లాంటి అలవాట్లు స్థిరపడటంలో ఆమెదే పెద్ద చెయ్యి.

అదే కాలంలో ఫ్రాంక్, ఆన్ హమ్మర్ట్ దంపతులు సీరియళ్లను కార్ఖానా పద్ధతిలో తయారుచేశారు. కథ గీత వాళ్లు గీసేవారు, సంభాషణలు జీతానికి పనిచేసే రచయితలు నింపేవారు. 1933లో వచ్చిన ‘మా పెర్కిన్స్’ ఈ బాపతుదే. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ తన ఆక్సిడాల్ బట్టల పొడి కోసం దాన్ని పోషించింది. ఇరవయ్యేళ్లు దాటిన యువతి వర్జీనియా పేన్ అందులో ముసలి వితంతువు గొంతు పట్టింది. 1960 నవంబరు 25న నాటకం ముగిసేదాకా 27 ఏళ్లు, ఏడు వేలకు పైగా ఎపిసోడ్లు, ఆ గొంతు ఆమెదే.

రేడియో వినేవాళ్లెందరో తెలుసుకోవడానికి ఆ రోజుల్లో నమ్మకమైన కొలత లేదు. కంపెనీలు దానికొక ఉపాయం కనిపెట్టాయి. పొడి డబ్బా మీది అట్టముక్క ఒకటి కత్తిరించి, పది సెంట్ల నాణెం జతచేసి పంపితే పూల విత్తనాల పొట్లమో, కథానాయిక పెట్టుకున్నలాంటి నగ నకలో ఇంటికి వస్తుందని నాటకం మధ్యలో చెప్పించేవి. వచ్చిన కవర్లను ఊళ్లవారీగా లెక్కపెట్టుకుంటే ఏ ఊళ్లో ఎందరు వింటున్నారో, ఎందరు కొంటున్నారో ఒకే దెబ్బకు తేలిపోయేది. శ్రోత రాసిన ఉత్తరం చెల్లుబాటు కావడం వెనకున్న అసలు గుట్టు ఇదే. ఉత్తరంలో ఏం రాశారన్నది తర్వాతి మాట, కవరులో అట్టముక్క ఉందా లేదా అన్నది ముందు మాట.

1937 జనవరిలో మొదలైన ఇర్నా ఫిలిప్స్ నాటకం ‘ది గైడింగ్ లైట్’ను 1941 చివర్లో ఆపేశారు. శ్రోతల ఉత్తరాలు పోటెత్తడంతో కొద్ది నెలల్లోనే మళ్లీ ఎత్తుకోవాల్సి వచ్చింది. జనం అడిగి నిలబెట్టుకున్న ఆ కథ రేడియోలోనూ, 1952 నుంచి టీవీలోనూ కలిపి 72 ఏళ్లు నడిచింది.

టీవీలోకి

1956 ఏప్రిల్ 2న సీబీఎస్ ‘యాజ్ ద వరల్డ్ టర్న్స్’, ‘ది ఎడ్జ్ ఆఫ్ నైట్’ అనే రెండు అరగంట సీరియళ్లను ఒకే రోజు మొదలుపెట్టింది. అప్పటిదాకా పగటి సీరియల్ అంటే పదిహేను నిమిషాలే. నిడివి రెట్టింపు కాగానే మొదటిదాన్ని రాసే ఇర్నా ఫిలిప్స్ వేగం తగ్గించారు. ఇద్దరు మనుషులు వంటింట్లో కాఫీ తాగుతూ మూడో మనిషి గురించి మాట్లాడుకోవడమే ఒక దృశ్యమైంది. విమర్శకులు విసుక్కున్నారు. చూసేవాళ్లకు మాత్రం తమ ఇంట్లో జరుగుతున్నట్టే అనిపించింది.

1963 నవంబరు 22 మధ్యాహ్నం ఆ సీరియల్లో సరిగ్గా అలాంటి దృశ్యమే నడుస్తోంది. అప్పట్లో ప్రసారమంతా ప్రత్యక్షమే. విడాకులు తీసుకున్న తన కొడుకు బాబ్, పాత భార్య లీసానూ పిల్లవాడినీ పండగ భోజనానికి పిలిచాడని నాన్సీ తన మామగారితో చెబుతోంది. ఒంటిగంటా నలభై నిమిషాలకు తెర మీద సీబీఎస్ వార్తల పలక పడింది. అధ్యక్షుడు కెనడీ మీద కాల్పులు జరిగాయని వాల్టర్ క్రాంకైట్ గొంతు వినిపించింది. స్టూడియోలోని నటులకు ఆ సంగతి తెలియదు. వాళ్లు తమ మాటలు తాము చెప్పుకుంటూనే ఉన్నారు.

ఆ లీసా పాత్ర వేసిన ఐలీన్ ఫుల్టన్ జనం కోపాన్ని ఒంటి మీద చవిచూశారు. మంచి కుటుంబంలో చిచ్చుపెట్టిన కోడలని దేశమంతా లీసాను తిట్టుకునే రోజుల్లో, న్యూయార్క్‌లో ఒకావిడ తనను నిజంగానే కొట్టిందని ఆమె తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. వయసు మీద పడుతుంటే తనను తెర మీద నాయనమ్మను చేయకూడదన్న షరతు కూడా ఒప్పందంలో రాయించుకున్నారట. సోప్ తారల ఇంటర్వ్యూలకు గిరాకీ ఇలాంటి ముచ్చట్ల వల్లే పెరిగింది. పాత్రను తిట్టుకునే జనానికి ఆ పాత్ర వెనకున్న మనిషి ఎలా మాట్లాడుతుందో వినాలన్న కుతూహలం ఉంటుంది. 1975లో మొదలైన ‘సోప్ ఒపెరా డైజెస్ట్’ పత్రిక ఆ కుతూహలం మీదే దశాబ్దాలు బతికింది. చూడని ఎపిసోడ్ల కథాసంగ్రహం, తారల కబుర్లు, పాఠకుల ఉత్తరాలు అందులో పక్కపక్కనే ఉండేవి.

జనం అలకకు ఇర్నా ఫిలిప్స్ కూడా అతీతురాలు కాలేదు. 1970ల మొదట్లో ఆమె ‘యాజ్ ద వరల్డ్ టర్న్స్’లో కిమ్ అనే కొత్త పాత్రను తెచ్చి, ఎప్పటినుంచో మంచివాడని పేరున్న బాబ్‌తో, అంటే కిమ్‌కు స్వయానా బావతో, సంబంధం కలిపి గర్భవతిని చేశారు. కిమ్‌కు శిక్ష పడకూడదని ఆవిడ పట్టుదల. ప్రేక్షకులు ఒప్పుకోలేదు. రేటింగులు జారాయి. 1973లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ఆమెను తప్పించింది. ఆ డిసెంబరులోనే ఆమె కన్నుమూశారు. ఈ ప్రక్రియకు తల్లిలాంటి మనిషి దానికే బలైపోవడం చిన్న విషయం కాదు. అయినా ఆమె జీవితకథల్లో ఈ ఘట్టానికి దక్కవలసినంత చోటు దక్కలేదనిపిస్తుంది.

ల్యూక్, లారా

ఇర్నా దగ్గర పని నేర్చుకున్న ఆగ్నెస్ నిక్సన్ ఏబీసీకి ‘వన్ లైఫ్ టు లివ్’ (1968), ‘ఆల్ మై చిల్డ్రన్’ (1970) రాశారు. రెండో దానిలో ఎరికా కేన్‌గా పేరు మోగిన సూసన్ లూచీకి డేటైమ్ ఎమీ పురస్కారం 18 సార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. ఏటా ఆమె ఓడిపోవడమే ఒక వార్తయింది. 1999లో 19వసారి గెలిచినప్పుడు సభ నిమిషాల తరబడి నిలబడి చప్పట్లు కొట్టింది.

అసలు కుదుపు ‘జనరల్ హాస్పిటల్’లో వచ్చింది. 1963లో మొదలైన ఆ సీరియల్ 1978 నాటికి మూతపడే దశలో ఉంది. గ్లోరియా మాంటీ అనే నిర్మాత వచ్చి దృశ్యాల నిడివి కుదించి, వేగం పెంచి, పడుచువాళ్లను ముందుకు తెచ్చారు. 1979లో ల్యూక్ అనే పాత్ర లారాను బలాత్కరిస్తాడు. ఆంథోనీ గేరీ, జినీ ఫ్రాన్సిస్ జంట తెర మీద బాగా కుదరడంతో రచయితలు దాన్నే ప్రేమకథగా తిప్పేశారు. ప్రేక్షకుల్లో పెద్ద భాగం ఆ మలుపును ఆనందంగా మింగింది. 1981 నవంబరు 16, 17 తేదీల్లో వాళ్ల పెళ్లిని దాదాపు 3 కోట్ల మంది చూశారు. అమెరికా పగటి సీరియళ్లలో అంతకు మించిన సంఖ్య లేదు. ఆ సీరియల్ అభిమానినని చెప్పుకునే ఎలిజబెత్ టేలర్ కోరి వచ్చి, కొత్త జంటను శపించే హెలెనా పాత్ర వేశారు.

అభిమానులు మెచ్చారు కాబట్టి అది సరే అనడం కుదరదు. అప్పుడే చాలామంది మహిళలు తప్పుపట్టారు. 1998లో సీరియల్ తనంతట తానే పాత గాయం దగ్గరికి తిరిగి వచ్చింది. ల్యూక్, లారాల కొడుకుకు జరిగిన సంగతి తెలిసిపోయి, తండ్రిని నిలదీస్తాడు. ఇరవయ్యేళ్ల నాటి తప్పును అదే పాత్రల చేత, అదే నటుల చేత విచారణ చేయించగలగడం ఈ ప్రక్రియకే సాధ్యం.

చచ్చినవాళ్లు లేవడం, మనుషులు మారడం

పాత్రధారి ఒప్పందం తెగితే మూడు దారులు. పాత్రను ఊరు దాటించడం, చంపడం, లేదా ఇంకొకరిని పెట్టడం. మూడో దారిలో అమెరికా టీవీ మొహమాటపడదు. ఫలానా పాత్రను ఇకపై ఫలానావారు పోషిస్తారని దృశ్యం మీద ఒక గొంతు చెబుతుంది, కథ నడిచిపోతుంది. రాత్రి సీరియల్ ‘డాలస్’ ఈ పద్ధతితో చేయి కాల్చుకుంది. 1984లో తల్లి పాత్రలోకి డోనా రీడ్‌ను తెచ్చి, ఏడాది తిరక్కముందే పాత నటి బార్బరా బెల్ గెడెస్‌ను వెనక్కి పిలిచింది. రీడ్ దావా వేసి, పరిహారం తీసుకున్నారు.

అదే ‘డాలస్’ 1980 మార్చిలో ముఖ్య పాత్ర జేఆర్‌ను ఎవరు కాల్చారన్న ప్రశ్న దగ్గర ఆగి, ఎనిమిది నెలలు దేశాన్ని ఊరించింది. లండన్‌లో పందేలు కాశారు. నవంబరు 21న జవాబు చెప్పిన ఎపిసోడును అమెరికాలో 8 కోట్లకు పైగా జనం చూశారు. 1985లో చంపేసిన జేఆర్ తమ్ముడు బాబీని మరుసటి ఏడు స్నానాలగదిలోంచి నడిపించుకొచ్చి, మధ్యలో గడిచిన సీజనంతా భార్య కన్న కల అని తేల్చింది. ప్రేక్షకులు అడిగిన మనిషినే తెచ్చిచ్చారు. ప్రేక్షకులే నవ్వారు.

బ్రిటన్‌లో ఈ అలకలకు రాజకీయరంగు కూడా అంటింది. 1998లో ‘కొరొనేషన్ స్ట్రీట్’లో డీర్డ్రీ అనే అమాయకురాలికి మోసం నేరం కింద జైలు పడితే, ఆమెను విడిపించాలని పత్రికలు ఉద్యమం నడిపాయి. ప్రధాని టోనీ బ్లెయిర్ సైతం మాట కలిపారు. అయితే అభిమానం అన్నివేళలా గెలవలేదు. 1981లో ‘క్రాస్‌రోడ్స్’ నుంచి దాని ముఖ్య తార నోయెల్ గోర్డన్‌ను తీసేసినప్పుడు రేగిన గగ్గోలు అంతా ఇంతా కాదు. నిర్మాతలు దిగిరాలేదు. ఆమె పాత్రను ఓడ ఎక్కించి పంపేశారు.

భారత్‌లో, తెలుగులో

1984 జులైలో దూరదర్శన్ ‘హమ్ లోగ్’ మొదలుపెట్టింది. సామాజిక సందేశం కలిపి నడిపే మెక్సికో టెలినావెలాలే దానికి నమూనా. లక్షల ఉత్తరాలొచ్చాయి. ఎపిసోడు చివర అశోక్‌కుమార్ తెర మీదికి వచ్చి మంచిచెడ్డలు మాట్లాడేవారు. హిందీ అంతగా రాని దక్షిణాదిన ఆ ఊపు పెద్దగా కనిపించలేదు. 2000లో స్టార్ ప్లస్‌లో వచ్చిన ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’ మిహిర్ పాత్రను చంపి, జనం గోల పెట్టగానే బతికించుకుంది.

తెలుగులో మంజులా నాయుడు దూరదర్శన్‌కు తీసిన ‘ఋతురాగాలు’, తర్వాత జెమినికి తీసిన ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ రోజువారీ సీరియల్‌ను ఇంటి అలవాటు చేశాయి. ప్రేక్షకుల మాట ఎంత చెల్లుతుందో బాహాటంగా చూపింది మాత్రం స్టార్ మాలో 2017లో మొదలైన ‘కార్తీకదీపం’. మలయాళ ‘కరుత్తముత్తు’కు ఇది తెలుగు రూపం, రెండింటిలోనూ నాయిక ప్రేమి విశ్వనాథ్. భార్య దీపను అనుమానించే కార్తీక్, డాక్టరై ఉండి, బిడ్డలు తనవాళ్లో కాదో తేల్చే డీఎన్‌ఏ పరీక్ష ఎందుకు చేయించడన్న ప్రశ్న మీద ఏళ్ల తరబడి నడిచిన హాస్యం సీరియల్‌కు ఉచిత ప్రచారమైంది. 2022లో దీప, కార్తీక్‌లను కారు ప్రమాదంలో చంపి కథను పిల్లల తరానికి జరిపారు. వంటలక్క, అంటే దీప, లేని సీరియల్ మాకెందుకన్నారు జనం. అదే ఏడాది దీప తిరిగొచ్చింది.

మూతపడ్డ తలుపులు

అమెరికాలో మధ్యాహ్నం ఇంట్లో ఉండే ఆడవాళ్ల సంఖ్య తగ్గింది, కేబుల్ చానళ్లు పెరిగాయి. 1995లో ఓ.జె. సింప్సన్ హత్యకేసు విచారణ ప్రత్యక్ష ప్రసారాలు నెలల పాటు సీరియళ్ల వేళను మింగేశాయి. అలవాటు తప్పినవాళ్లలో చాలామంది మళ్లీ రాలేదు. ‘గైడింగ్ లైట్’ 2009 సెప్టెంబరులో, ‘యాజ్ ద వరల్డ్ టర్న్స్’ 2010 సెప్టెంబరులో ముగిశాయి. రెండోదానితో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ఈ రంగం నుంచే తప్పుకుంది.

2011 ఏప్రిల్ 14న ఏబీసీ తన రెండు పాత సీరియళ్లు ‘ఆల్ మై చిల్డ్రన్’, ‘వన్ లైఫ్ టు లివ్’లను ఆపేస్తున్నట్టు ఒకేసారి ప్రకటించింది. అభిమానులు ఊరేగింపులు తీశారు, ఫోన్లతో చానల్‌ను ఊదరగొట్టారు. హూవర్ అనే వాక్యూమ్ క్లీనర్ల కంపెనీ వాళ్ల పక్షాన తన ప్రకటనలు వెనక్కి తీసుకుంది. ఏబీసీ చలించలేదు. కథలో ఎవరు ఎవరిని పెళ్లాడాలన్నది ప్రేక్షకులు మార్చగలిగారు గాని, గంటకు అయ్యే ఖర్చును మార్చలేకపోయారు. తక్కువ ఖర్చుతో తీసే మాటల కార్యక్రమాలు ఆ వేళలను ఆక్రమించాయి. 2013లో ఆ రెంటినీ ఇంటర్నెట్‌లో తిరిగి మొదలుపెట్టిన ప్రయత్నం కొద్ది నెలల్లోనే ఆగిపోయింది.

1965 నాటి ‘డేస్ ఆఫ్ అవర్ లైవ్స్’ 2022 సెప్టెంబరులో ఎన్‌బీసీ వదిలి పీకాక్ స్ట్రీమింగ్ వేదికకు మారింది. ‘జనరల్ హాస్పిటల్’, ‘ది యంగ్ అండ్ ద రెస్ట్‌లెస్’, ‘ది బోల్డ్ అండ్ ద బ్యూటిఫుల్’ చానళ్లలోనే మిగిలాయి. 2025 ఫిబ్రవరి 24న సీబీఎస్ ‘బియాండ్ ద గేట్స్’ మొదలుపెట్టింది. వాషింగ్టన్ శివార్లలోని సంపన్న నల్లజాతి కుటుంబం దాని కథ. 1999 తర్వాత అమెరికా పెద్ద చానళ్లలో కొత్తగా వచ్చిన పగటి సీరియల్ ఇదే. నిర్మాణంలో నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీతో పాటు ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కూడా ఉంది.