టైరులో గాలి లెక్క

కారు బరువులో అధికభాగాన్ని మోసేది టైరులో ఒత్తిడితో నింపిన గాలే. రబ్బరు, దారాలు, ఉక్కు తీగలు కలిసి ఆ గాలిని పట్టి ఉంచుతాయి. ఈ సూత్రానికి తొలి పేటెంటు, అంటే ఆవిష్కర్తకు కొంతకాలం దక్కే ప్రత్యేక హక్కు, 1845 డిసెంబరు 10న స్కాట్లండ్ ఇంజనీరు రాబర్ట్ విలియం థామ్సన్‌కు లభించింది. రబ్బరు పూసిన కాన్వాసు గొట్టాన్ని తోలు తొడుగులో అమర్చి ఆయన చేసిన చక్రాలను 1847లో లండన్‌లోని రీజెంట్స్ పార్కులో గుర్రపు బగ్గీలకు బిగించి చూపగా అవి చప్పుడు లేకుండా సాగాయి. అయితే తయారీ ఖర్చు ఎక్కువ కావడం, సైకిలు, మోటారు ఇంకా వాడుకలోకి రాకపోవడం వల్ల ఆ ఆవిష్కరణ మరుగున పడింది.

బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడైన జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలుకు కుదుపులు తగ్గించే ప్రయత్నంలో గాలి టైరును మళ్లీ కనిపెట్టి 1888లో పేటెంటు పొందాడు. థామ్సన్ హక్కు ముందే ఉన్నట్టు బయటపడడంతో ఆ పేటెంటు రెండేళ్లకే చెల్లకుండా పోయినా, సైకిలు పందేలలో గెలిచిన గాలి టైరుకు గిరాకీ తగ్గలేదు. రిమ్ముకు జిగురుతో అంటించిన ఆ టైరు పంచరైతే విప్పి, అతికించి, ఆరబెట్టడానికి గంటలు పట్టేది కనుక, ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు 1891లో సులువుగా ఊడదీయగల సైకిలు టైరును తెచ్చి, 1895లో పారిస్–బోర్డో పందెంలో తమ కారుకు గాలి టైర్లు తొడిగి నడిపారు.

గాలిని నింపడం ఒక ఎత్తు, నిలపడం మరో ఎత్తు. 1890లలో న్యూయార్కుకు చెందిన ఆగస్ట్ ష్రేడర్ పేరుమీద వచ్చిన వాల్వులో చిన్న లోహపు గొట్టం, అందులో స్ప్రింగు, దాని మధ్య సన్నని పుల్ల ఉంటాయి. పంపు మూతి ఆ పుల్లను నొక్కినప్పుడు గాలికి దారి ఏర్పడుతుంది, మూతి తీయగానే స్ప్రింగుతో పాటు టైరులోని గాలి ఒత్తిడి కూడా తోడై దారిని మూసేస్తుంది. నేటి కార్లలోనూ దాదాపు ఇదే అమరిక కనిపిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలంలో రెండు మార్పులు వచ్చాయి. మిషెలిన్ సంస్థ 1946లో పేటెంటు పొందిన రేడియల్ టైరులో దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు అడ్డంగా సాగగా, నేలకు తగిలే భాగం కింద ఉక్కు పట్టీలు ఉంటాయి. అదే దశాబ్దంలో అమెరికాలో గుడ్‌రిచ్ సంస్థ ట్యూబు లేని టైరును ప్రకటించింది. వీటితో మన్నిక, భద్రత పెరిగాయిగానీ, గాలి తగ్గిన సంగతిని కంటితో పట్టుకోవడం కష్టమైంది: రేడియల్ టైరు పక్కభాగం గాలి సరిగ్గా ఉన్నప్పుడూ కొంత ఉబ్బే కనిపిస్తుంది, ట్యూబులెస్ టైరులో మేకు దిగినా గాలి రోజుల తరబడి మెల్లగా పోతుంది.

గాలి తగ్గిన టైరు పక్కభాగం ప్రతి చుట్టులోనూ అతిగా వంగి వేడెక్కుతుంది. ఆ వేడికి రబ్బరు, ఉక్కు పట్టీల పట్టు సడలవచ్చు. 2000లో అమెరికాలో ఫైర్‌స్టోన్ సంస్థ సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచిన వివాదంలో, ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్‌కు సూచించిన 26 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి 26 పౌండ్ల ఒత్తిడి, చర్చనీయాంశమైంది. అదే ఏడాది నవంబరులో వచ్చిన చట్టం ఫలితంగా, 2007 సెప్టెంబరు నుంచి అక్కడ అమ్మకానికి తయారైన కార్లన్నింటిలో గాలి తగ్గితే హెచ్చరించే దీపం తప్పనిసరైంది. నిర్ణీత ఒత్తిడిలో 25 శాతం తగ్గేసరికి ఆ దీపం వెలగాలన్నది నిబంధన. 32 పీఎస్‌ఐ ఉండాల్సిన టైరు 24కు దిగేదాకా అది వెలగకపోయినా నిబంధన ప్రకారం తప్పు కాదు.

అందువల్ల దీపం ఉన్న కారుకైనా గేజీతో కొలత అవసరమే. నెలకోసారి, బండి మూడు గంటలైనా ఆగి టైర్లు చల్లబడ్డాక, స్టెప్నీతో సహా చూసి, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీదున్న అంకె ప్రకారం గాలి నింపాలి. టైరు పక్కన అచ్చయినది గరిష్ఠ పరిమితి మాత్రమే. ప్రయాణం మధ్యలో వేడికి పెరిగిన ఒత్తిడి చూసి గాలి తీయించకూడదు, తీయిస్తే మర్నాటి ఉదయానికి అదే టైరులో గాలి తక్కువవుతుంది.