ప్రకృతివాచకాల నానార్థాలు: ఆంగ్ల, రుమేనియన్ పదచరిత్రల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రకృతికి సంబంధించిన సామాన్యపదాలకు ప్రతి భాషలోనూ పలు అర్థాలుంటాయి. ఆంగ్లంలోని అటువంటి కొన్ని పదాలను, వాటికి సమానార్థకాలుగా చెప్పే రుమేనియన్ పదాలను చారిత్రక దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. పదరూపం ఒక వంశం నుంచి, పదార్థం మరొక వంశం నుంచి రావచ్చని, అందువల్ల మూలధాతువు ఆధారంగా మాత్రమే భాషను శుద్ధి చేయాలన్న ప్రయత్నాలు నిలవలేకపోయాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నానార్థాలు, అర్థవిపరిణామం, రుమేనియన్, ఆంగ్లం, అనుకృతి, భాషాశుద్ధి.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘ప్రకృతి’ అనే మాటకు కొండకోనలతో, చెట్టుచేమలతో కూడిన బాహ్యజగత్తు ఒక అర్థం. మనిషి స్వభావం మరొక అర్థం. ఆయుర్వేదంలో అది దేహతత్త్వం. వ్యాకరణంలో ప్రత్యయం చేరని మూలరూపం. ఈ అర్థాలన్నీ ‘సహజంగా ఉన్నది’ అనే ఒకే భావం చుట్టూ అల్లుకొన్నవి. అయితే అన్ని నానార్థాలూ ఇలా ఒకే భావం నుంచి శాఖలుగా విస్తరించినవి కావు. యుద్ధాలు, వలసలు, మతం, పాలన, నిఘంటు నిర్మాణం వంటి బాహ్యకారణాలు కూడా పదానికి కొత్త అర్థాన్ని తెచ్చిపెడతాయి, పాత అర్థాన్ని తొలగిస్తాయి. ఆంగ్ల, రుమేనియన్ భాషలు ఇందుకు చక్కని నిదర్శనాలు. మొదటిది లాటిన్ పదాలను విస్తారంగా స్వీకరించిన జర్మానిక్ భాష. రెండవది స్లావిక్ భాషల మధ్య పెరిగిన లాటిన్ సంతతి భాష.

2. చారిత్రక నేపథ్యం

రోమన్ చక్రవర్తి ట్రాజన్ క్రీ.శ. 106లో డేసియాను జయించాడు. 270ల దశకంలో రోమన్ పాలన అక్కడినుంచి వైదొలగింది. ఆ ప్రాంతాలలో, డాన్యూబ్ నదికి ఇరువైపులా వ్యాపించిన వాడుక లాటిన్ నుంచి రుమేనియన్ రూపొందింది. తరువాతి శతాబ్దాలలో స్లావిక్ జనుల సాహచర్యం దానిని గాఢంగా ప్రభావితం చేసింది. చర్చిలోనూ రాజాస్థానంలోనూ చాలాకాలం స్లావిక్ భాషే రాతభాష. తేదీ నిర్ణయించగలిగిన రుమేనియన్ రచనల్లో తొలిదిగా పేరొందిన న్యాక్షు లేఖ (1521) సిరిలిక్ లిపిలో ఉంది. లేఖకుని ఊరు కింపులుంగ్. రుమేనియన్‌లో ఆ పేరుకు ‘పొడవైన మైదానం’ అని అర్థం. లేఖలో మాత్రం ఊరి పేరు అదే అర్థమిచ్చే స్లావిక్ మాటతో ‘ద్లగొపొలె’ అని ఉంది. ఒకే నేలను రెండు భాషలు తమ తమ మాటలతో పిలిచిన స్థితి ఆ ఒక్క పేరులో కనిపిస్తుంది.

ఆంగ్లం చరిత్ర వేరు. ఎనిమిదో శతాబ్దం చివర మొదలైన స్కాండినేవియన్ దాడులు, ఆ తరువాతి స్థిరనివాసాలు నార్స్ పదాలను తెచ్చాయి. 1066లో నార్మన్ విజయం ఫ్రెంచిని పాలకభాషగా నిలబెట్టింది. ప్రకృతివాచకాలపై ఈ రెండింటి ముద్ర స్పష్టం.

3. పదచరిత్రలు

3.1 ఊట, వసంతం, తీగచుట్ట

ఆంగ్లంలో ‘స్ప్రింగ్’ అంటే నీటి ఊట, వసంతర్తువు, ఒత్తితే తిరిగి లేచే లోహపు చుట్ట, దూకు. వీటన్నింటికీ మూలం ‘ఉబికి రావడం, ఎగరడం’ అనే ప్రాచీన క్రియ. ఋతువు అనే అర్థం పదహారో శతాబ్దంలో స్థిరపడింది. అంతకుముందు వసంతానికి ‘లెంట్’ అనే మాట ఉండేది. అది క్రమంగా క్రైస్తవుల ఉపవాసకాలానికే పరిమితం కావడంతో, ఆకులు చిగిర్చే కాలాన్ని సూచించే ‘స్ప్రింగ్’ ఆ స్థానాన్ని ఆక్రమించింది.

రుమేనియన్‌లో ఈ నాలుగు అర్థాలకూ నాలుగు మాటలు. ఊట ‘ఇజ్వోర్’ (స్లావిక్), వసంతం ‘ప్రిమవార’ (లాటిన్), లోహపు చుట్ట ‘ఆర్క్’, దూకు ‘సాల్త్’. వీటిలో ‘ఆర్క్’ మళ్లీ నానార్థకమే. విల్లు, కమాను అన్న అర్థాలు కూడా దానికున్నాయి. ఆంగ్లం ఉబికివచ్చే చలనాన్ని చూసి ఆ వస్తువుకు పేరు పెడితే, రుమేనియన్ విల్లులా వంగి నిటారయ్యే గుణాన్ని చూసి పెట్టింది.

3.2 అడవి, చెట్టు, కలప

‘ఫారెస్ట్’ అనేది నార్మన్ల ద్వారా ఆంగ్లంలోకి వచ్చిన మాట. మొదట అది చెట్ల గుంపు పేరు కాదు, చట్టపరమైన పదం. రాజు వేటకు ప్రత్యేకించిన, ప్రత్యేక శాసనాలకు లోబడిన భూమి అని దాని అర్థం. చెట్లు తక్కువగా ఉన్న ఎక్స్‌మూర్ బంజరు కూడా రాజారణ్యమే. ఆ శాసనాల కాఠిన్యాన్ని సడలించి, మేత, వంటచెరకు వంటి హక్కులను సామాన్య స్వతంత్రులకు తిరిగి ఇచ్చిన పత్రం 1217 నాటి అరణ్యశాసనం. దేశీయమైన ‘వుడ్’ మాత్రం పూర్వం చెట్టు, అడవి, కలప అన్న మూడర్థాలనూ మోసింది. ఆధునిక వాడుకలో చెట్టు అనే అర్థం జారిపోయింది.

రుమేనియన్‌లో అడవి ‘పదురె’. లాటిన్‌లో చిత్తడి నేలను చెప్పే పదం వర్ణవ్యత్యయం పొంది ఈ రూపం దాల్చింది. నీటిగుంటల చుట్టూ దట్టంగా పెరిగిన చెట్లే క్రమంగా మాటకు ముఖ్యార్థమయ్యాయి. కలప ‘లెమ్న్’. చెట్టుకు మాత్రం ఒక్క మాట చాలదు. పండ్లచెట్టు ‘పొమ్’, తక్కిన చెట్టు ‘కొపాక్’. ఆంగ్లంలోని ‘ట్రీ’ని అనువదించే వ్యక్తి అది పండ్లచెట్టో కాదో తెలుసుకోకుండా ఈ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోలేడు.

3.3 నేల, పుడమి, దేశం

లాటిన్‌లో భూమిని తెలిపే ‘టెర్రా’ రుమేనియన్‌లో ‘త్సర’గా మారి దేశమనే అర్థంలో స్థిరపడింది. వలాకియా రాజ్యానికి రుమేనియన్ పేరు ‘త్సర రొమినెయస్క’, అంటే రుమేనియన్ల దేశం. రైతును చెప్పే ‘త్సరాన్’ కూడా దీనినుంచి పుట్టినదే. ‘త్సర’ దేశవాచకం కాగా, భూమిని చెప్పడానికి ‘పమింత్’ వచ్చింది. దీని మూలమైన లాటిన్ పదానికి దిమ్మిస కొట్టి చదును చేసిన గచ్చు అని అర్థం. ఇంటి అడుగున ఉన్న గచ్చు పేరు మట్టికి, పొలానికి, చివరకు భూగోళానికి వ్యాపించింది. తెలుగులో ‘నేల’ ఇంటిలో ఊడ్చే గచ్చునూ, రైతు దున్నే భూమినీ చెప్పడం ఇక్కడ పోల్చదగినది. ఆంగ్లంలో ఈ భారాన్ని ‘ఎర్త్’, ‘గ్రౌండ్’, ‘లాండ్’, ‘సాయిల్’ అనే మాటలు పంచుకొన్నాయి.

3.4 ఆకాశం, కాలం, చంద్రుడు

‘స్కై’ నార్స్ పదం. అక్కడ దానికి మేఘమని అర్థం. ఆంగ్లంలో మేఘాన్ని చెప్పే ‘క్లౌడ్’ మొదట రాతిగుట్టకు పేరు. ఆకాశంలో గుట్టలుగా పేరుకొన్న మబ్బులను చూసి ఆ మాటను వాటికి అన్వయించారు. మేఘవాచకం ఆకాశానికి మారగా, దేశీయమైన ‘హెవెన్’ ప్రధానంగా స్వర్గవాచకమైంది. రుమేనియన్‌లో ‘చెర్’ నేటికీ ఆకాశమూ స్వర్గమూ రెండూ.

కాలానికి రుమేనియన్‌లో రెండు మాటలు. ‘తింప్’ లాటిన్‌ది, ‘వ్రెమె’ స్లావిక్‌ది. రెండింటికీ కాలమనీ వాతావరణమనీ అర్థాలున్నాయి. ఆంగ్లం వీటిని ‘టైమ్’, ‘వెదర్’ అని విడదీసింది. చంద్రుని విషయమూ ఇటువంటిదే. రుమేనియన్ ‘లూన’ చంద్రుడూ మాసమూ. ఆంగ్లంలో ఒకే మూలం నుంచి వచ్చినా ‘మూన్’, ‘మంత్’ వేరుపడ్డాయి. తెలుగు ‘నెల’ రుమేనియన్ పక్షాన నిలుస్తుంది. నేటి వాడుకలో అది మాసమే అయినా, ‘నెలవంక’లో చంద్రుడనే అర్థం నిలిచే ఉంది.

3.5 వెలుగు, లోకం

ఈ పరిశీలనకు ఆయువుపట్టు ‘లుమె’ అనే రుమేనియన్ పదం. దీని మూలమైన లాటిన్ ‘లూమెన్’కు వెలుగు అని అర్థం. రుమేనియన్‌లో మాత్రం అది లోకం. వెలుగును, లోకాన్ని ఒకే మాటతో చెప్పడం స్లావిక్ భాషల అలవాటు. ఆ అలవాటును అనుసరించి లాటిన్ పదం కొత్త అర్థం పొందిందని భాషాచరిత్రకారులు వివరిస్తారు. ధ్వనిరూపం లాటిన్‌ది, భావం స్లావిక్‌ది. ఇటువంటి అర్థానుసరణను భాషాశాస్త్రంలో అనుకృతి అంటారు.

‘లుమె’కు జనులు అనే అర్థం కూడా ఉంది. ‘ముల్త లుమె’ అంటే చాలామంది జనం. ‘లోకం కోడై కూస్తోంది’ అన్నప్పుడు తెలుగులోనూ లోకమంటే జనమే. సంస్కృత ‘లోక’, లాటిన్ ‘లూమెన్’ రెండూ వెలుగును తెలిపే ఒకే ఇండో-యూరోపియన్ ధాతువుకు చెందినవని సాధారణంగా భావిస్తారు. ఆంగ్ల ‘వరల్డ్’ మాత్రం ‘మనిషి’, ‘యుగం’ అనే రెండు ప్రాచీన జర్మానిక్ పదాల సమాసం.

4. భాషాశుద్ధి ప్రయత్నాలు

ట్రాన్సిల్వేనియాకు చెందిన సముయిల్ మికు, గెయోర్గె షింకాయ్ 1780లో వియన్నాలో ప్రచురించిన వ్యాకరణం రుమేనియన్ లాటిన్ సంతతిదని చాటింది. ఇది కేవలం శాస్త్రచర్చ కాదు. రాజకీయ హక్కులు లేని జాతికి ప్రాచీన వంశాన్ని నిరూపించడం ఆత్మగౌరవ సమస్య. 1860ల తొలినాళ్లలో సిరిలిక్ స్థానంలో లాటిన్ లిపి అధికారికమైంది. 1866లో ఏర్పడిన విద్వత్సభ కోరికపై లౌరియన్, మసీమ్ 1871-76 మధ్య నిఘంటువును వెలువరించారు. లాటిన్ మూలంకాని పదాలను అందులోనుంచి తీసి వేరొక పదకోశంలో చేర్చారు.

ఈ ప్రయత్నం నిలవలేదు. స్లావిక్ మూలానికి చెందిన ‘వ్రెమె’, ‘ఇజ్వోర్’ నేటికీ నిత్యవ్యవహారంలో ఉన్నాయి. అంతకన్న ముఖ్యమైన విషయం వేరొకటుంది. ధాతువును చూసి పదాలను వడకట్టే పద్ధతికి ‘లుమె’లోని స్లావిక్ భావం కనిపించదు. స్లావిక్ మాటలన్నీ వెళ్లగొట్టినా స్లావిక్ ఆలోచన లాటిన్ మాటల లోపల నిలిచే ఉంటుంది. 1870, 1879లలో రెండు భాగాలుగా వచ్చిన చిహాక్ పదవ్యుత్పత్తి నిఘంటువు లాటిన్‌కన్న స్లావిక్ పదాలే ఎక్కువని చూపింది. పదాల సంఖ్య కాదు, వాడుకలో అవి ఎంతగా తిరుగుతున్నాయన్నదే ప్రమాణమని హజ్దేవు దానికి సమాధానమిచ్చాడు. ఈ వాదం పదాలను లెక్కించడం నుంచి జనవ్యవహారం వైపు చర్చను మళ్లించింది.

ఇంగ్లండులోనూ ఇటువంటి ఉద్యమం లేకపోలేదు. విలియం బార్న్స్ లాటిన్, గ్రీకు పదాలకు బదులు దేశీయ పదాలు కల్పించాడు. వృక్షశాస్త్రానికి ఆయన సూచించిన ‘వర్ట్‌లోర్’ వాడుకలోకి రాలేదు. లాటిన్ నుంచి వచ్చిన ‘ప్లాంట్’ మొక్కగా నిలవడమే కాక కర్మాగారమనే అర్థాన్నీ సంపాదించుకొంది. రుమేనియన్ ‘ప్లాంత’ మొక్కే. కర్మాగారానికి వేరే మాటలున్నాయి.

కొత్తగా తెచ్చుకొన్న పదాలన్నీ విఫలమయ్యాయని కూడా చెప్పలేము. జర్మన్ నమూనాను అనుసరించి సంవత్సరం, కాలం అనే పదాలను కలిపి చేసిన ‘అనొతింప్’ ఋతువుకు మామూలు పేరైంది. ‘నతూర’ రాకకు ముందు ప్రకృతిని చెప్పిన మాట ‘ఫిరె’. ‘ఉండటం’ అనే క్రియనుంచి పుట్టినది. నతూర వచ్చి ఫిరెను చంపలేదు. కొండలు, అడవులు నతూరకు చెందగా, మనిషి స్వభావం ప్రధానంగా ఫిరెకు మిగిలింది. ఆంగ్లంలో ‘నేచర్’ ఈ రెండింటినీ తానే వహించి, ప్రాచీన దేశీయపదమైన ‘కైండ్’ను ‘రకం’ అనే అర్థానికి పరిమితం చేసింది.

5. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ప్రకృతివాచకాల నానార్థాలలో కొన్ని ఉపమానం వల్ల, కొన్ని పాలనవల్ల, మరికొన్ని పొరుగుభాషల సాహచర్యంవల్ల ఏర్పడ్డాయి. పదరూపచరిత్ర, పదార్థచరిత్ర ఒక్కటి కావు. కాబట్టి మూలాన్నిబట్టి పదం స్వదేశీయో విదేశీయో తేల్చడం అసంపూర్ణ నిర్ణయం. ద్విభాషానిఘంటువు పదానికి ఎదురుగా పదాన్ని నిలిపితే చాలదు. ఏ అర్థం ఏ సందర్భానికి చెందుతుందో చూపకపోతే, ఊట వసంతమవుతుంది, స్వభావం అడవి అవుతుంది. ‘లుమె’ను లాటిన్ అన్నా సగమే నిజం, స్లావిక్ అన్నా సగమే నిజం. ఆ మాటను తరతరాలుగా పలికిన జనానికి మాత్రం అది విభజించలేని ఒకే లోకం.