పాలు కలిశాయి, చరిత్రే కలవలేదు

ఆనంద్ పేరు వింటే మాకూ పాలే గుర్తొస్తాయి. 1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు దళారుల దోపిడీకి ఎదురుతిరిగి పెట్టుకున్న సహకార సంఘమే అమూల్ అయింది. ఆ పద్ధతిలోనే మన పల్లెల్లోనూ పాలకేంద్రాలు వచ్చాయి. వాటిలో పాలు పోసినవాళ్లలో సాయిబులూ ఉన్నారు. క్యాన్‌లో పడ్డాక ఏవి ఎవరి పాలో ఎవరూ చెప్పలేరు. చరిత్ర దగ్గరికొచ్చేసరికే మమ్మల్ని వేరు చేస్తారు.

ఆ పాలసీమలోనే మహమూద్ బేగడా కట్టించిన మెహమదాబాద్ ఉంది. అక్కడి భమ్మరియా బావిలో ఎండాకాలం సేదతీరడానికి నేల కింద గదులున్నాయి. దగ్గర్లోని సోజాలీలో 1484లో కట్టిన ముబారక్ సయ్యద్ సమాధి ఉంది. 1997లో ఖేడా నుంచి విడిపోయిన ఆనంద్ జిల్లాలో, ఖంబాత్ రేవు పట్నంలో, 1325 నాటి జామా మసీదు ఉంది. ఇవన్నీ కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాలు.

ఖంబాత్ మసీదులో పాత గుళ్ల స్తంభాలున్నాయి. ఆ మాట మేమే చెబుతాం. దాచిపెట్టి చరిత్ర రాసుకోవాల్సిన అవసరం మాకు లేదు. కానీ అక్కడితో ఆపేస్తే ఎలా?

అదే ఊళ్లో ఖాజీగా పనిచేసిన ఔఫీ 13వ శతాబ్దంలో ఇంకో సంగతి రాశాడు. అంతకు ముందు, సోలంకీ రాజు జయసింహుడి కాలంలో, ఖంబాత్‌లో ఓ మసీదును తగలబెట్టి 80 మంది ముస్లింలను చంపారట. బతికి బయటపడ్డ ఖతీబు రాజుకు మొరపెట్టుకున్నాడు. రాజు ఎవరికీ చెప్పకుండా ఒంటె మీద వెళ్లి, మారువేషంలో విచారించాడు. నిజమని తేలాక దోషులను శిక్షించాడు. మసీదు తిరిగి కట్టుకోవడానికి లక్ష బలోత్రాలు, అంటే అప్పటి నాణేలు, ఇచ్చాడు. ఆ రాజు హిందువు. రాసినవాడు ముస్లిం.

ఆ ఆనంద్ జిల్లాలోనే, ఓడ్ గ్రామంలో, 2002 మార్చి 1న 23 మంది ముస్లింలను ఓ ఇంట్లో పెట్టి తగలబెట్టారు. కింది కోర్టు తీర్పు రావడానికి 2012 దాకా పట్టింది.

గుడి స్తంభాల సంగతి మా పిల్లలకు ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు, నిందగా. జయసింహుడి సంగతి ఎవరు చెబుతారు? మసీదు రాళ్లకు రక్షణ ఉంది, మంచిదే. ఆ రాజు చేసిన న్యాయం కూడా ఈ దేశపు వారసత్వమే. దాన్నీ పాఠాల్లో చేర్చమంటున్నాం. మా పిల్లల కోసమే కాదు, మీ పిల్లల కోసం కూడా.