పుదుచ్చేరి ఛాయాచిత్రశాలలు: వెలుగునీడల చరిత్ర

ముఖమును ఉన్నదున్నట్లు పట్టి చూపుటయే ఫొటోగ్రాఫరు పని యని పలువురు తలంతురు. చిత్రశాలలలో జీవితము గడపిన వృద్ధ కళాకారుల యెరుక వేరు. ముఖమును చూపునది వెలుగు; దానికి రూపమిచ్చునది నీడ. ఈ విద్యకు పాశ్చాత్యులు పెట్టిన పేరునకు గ్రీకు మూలార్థము ‘వెలుగుతో వ్రాయుట’. మనవారు దానిని ‘ఛాయాచిత్రము’ అనిరి. నీడకు పేరులోనే పీట వేసిన మన మాట ఈ కళ యొక్క మర్మమును బాగుగా పట్టినదనవచ్చును.

డాగెర్ కనుగొనిన చిత్రణ విధానమును 1839 ఆగస్టు 19వ తేదీన పారిస్ నగరమున విద్వత్పరిషత్తుల సమక్షమున లోకమునకు వెల్లడించిరి. ఆనాడు పుదుచ్చేరి ఫ్రెంచివారి పాలనలోనే యున్నది. తొలినాళ్ల ఫలకములు మిక్కిలి మందమైనవి. చిత్రము పడువరకు మనిషి కదలక కూర్చుండవలెను. తల కదలకుండుటకు వెనుకనుండి ఇనుప ఊతకోల అమర్చుచుండిరి. పాత పటములలోని పెద్దల ముఖములందు కానవచ్చు గాంభీర్యములో కొంత స్వభావసిద్ధమే కాని, కొంత ఆ ఊతకోల ప్రసాదము.

విద్యుద్దీపములు రాకమునుపు చిత్రశాలకు సూర్యుడే దీపము. కప్పునకు, ఉత్తరపు గోడకు అద్దములు పొదిగి, తెల్లని, నీలపు తెరలను జరుపుచు వెలుతురును అదుపు చేయుచుండిరి. ఐరోపాలో ఉత్తరపు వెలుగు ఏడాది పొడుగున నిలకడగా నుండును. పుదుచ్చేరి 12 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు సమీపమున నున్నది. ఇచ్చట ఏప్రిల్ చివరినుండి ఆగస్టు మూడవ వారము వరకు మధ్యాహ్న సూర్యుడు ఉత్తరమునకే వాలును. కావున పరదేశపు గ్రంథములలోని సూత్రము ఇచ్చట యథాతథముగా చెల్లదు. తెర యెప్పుడు లాగవలెనో ఇచ్చటి ఆకాశమును చూచియే నేర్చుకొనవలెను.

ఈ సూర్యకాంతి విద్యలో తెలుగు దేశమునకును ఘనమైన చరిత్ర కలదు. మీరటు ప్రాంతమున జన్మించిన రాజా దీనదయాళ్ సికిందరాబాదులో చిత్రశాల స్థాపించి, ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యెను. ఘోషా స్త్రీల కొరకు 1892లో హైదరాబాదున ప్రత్యేక చిత్రశాల తెరచి, దాని నిర్వహణమును ఒక ఆంగ్ల వనితకు అప్పగించెను.

విద్యుద్దీపముతో చిత్రకారునకు క్రొత్త స్వాతంత్ర్యము లభించెను. వెలుగు ఏ వైపునుండి రావలెనో, ఎంతమేర పడవలెనో అతడే నిర్ణయింపగలిగెను. ఇందుకు తోడ్పడిన స్పాట్‌లైటు కటకము చరిత్ర చిత్రమైనది. ఫ్రాన్సు దేశీయుడైన ఆగస్టిన్ ఫ్రెనెల్ 1820వ దశాబ్దమున సముద్రతీరపు దీపస్తంభముల కొరకు పలుచని మెట్లుమెట్లుగా నుండు కటకమును రూపొందించెను. నావికునకు దారి చూపుటకు పుట్టిన ఆ కటకము కాలక్రమమున నాటకశాలకు, చలనచిత్రశాలకు, ఫొటో స్టూడియోకు వచ్చి చేరెను. 1836లో వెలిగించిన పాత దీపస్తంభము నేటికిని నిలిచియున్న పుదుచ్చేరిలో ఈ సంబంధమును తలచుకొనుట సముచితము.

దీని పనితీరు సులభగ్రాహ్యము. పెట్టెలోని బల్బును కటకమునకు దగ్గరగా జరిపినచో వెలుగు విశాలముగా పరచుకొనును. వెనుకకు జరిపినచో సన్నని వలయమై కూడుకొనును. దీపమును ఎదురుగా, ఎత్తుగా నిలిపినచో ముక్కు క్రింద సీతాకోకచిలుక వంటి చిన్న నీడ పడును. 1930వ దశాబ్దపు హాలీవుడ్ తారల సౌందర్యమునకు ఇది పట్టుకొమ్మ. దానినే ప్రక్కకు, పైకి జరిపినచో చీకటి వైపు చెక్కిలిపై ముక్కోణపు వెలుగు నిలుచును. దీనికి డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ పేరు పెట్టిరి. వెనుకనుండి మరియొక చిన్న దీపము జుట్టు అంచులను మెరయించి మనిషిని తెరనుండి వేరుచేయును. ఆకులవలె, కిటికీ చట్రమువలె కత్తిరించిన అట్టను దీపమునకు అడ్డు పెట్టినచో వెనుక గోడపై నీడల అల్లిక ఏర్పడును. అట్ట గోడకు సమీపించుకొలది నీడ అంచు తేటపడును. దీపమునకు సమీపించుకొలది నీడ పెరిగి మసకబారును.

మద్రాసు చలనచిత్రశాలలలో ఈ విద్య పరిపక్వమయ్యెను. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) చిత్రములకు ఛాయాగ్రాహకుడైన మార్కస్ బార్ట్లీ వెన్నెలను సృష్టించిన నేర్పు తెలుగు ప్రేక్షకులకు సుపరిచితమే.

అయినను ఈ కళ కేవల సౌందర్యవిషయము కాదు. పాతకాలపు ఫలకములు ఎరుపు రంగును గ్రహింపలేవు. అందుచేత గోధుమవన్నె చర్మము అసలుకంటె నల్లగా పడుచుండెను. స్టూడియోలో అద్దము, దువ్వెన, పౌడరు డబ్బా తప్పక యుండుటకును, నెగటివుపై సన్నని పెన్సిలుతో ముఖమును దిద్దుటకును ఇది యొక కారణము. మనవారి మేనిచాయను మనవారికే నచ్చకుండ చేసిన దోషములో కొంత రసాయనమునకును, కొంత దానిని సాకుగా గొన్న మోజునకును పంచి పెట్టవలెను.

పుదుచ్చేరిలో 1908 నుండి 1918 వరకు నివసించిన మహాకవి సుబ్రహ్మణ్య భారతి ఫొటోలు వేళ్లమీద లెక్కింపదగినవి. వానిలో కొన్ని ఆ పట్టణముననే తీసినవి. తలపాగ, తీక్ష్ణమైన చూపులతో లోకమెరిగిన ఆయన రూపము ఆ కొలది పటముల భిక్షయే. అదే పట్టణమున 1950 ఏప్రిల్‌లో ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు ఆన్రీ కార్తియే బ్రెస్సాఁ శ్రీ అరవిందులను చిత్రించెను. ఆయన కృత్రిమకాంతి నొల్లనివాడు. చేతికెమెరాతో, ఉన్న వెలుతురుననే తీసెను. ఆ సంవత్సరము డిసెంబరు 5న అరవిందులు పరమపదించిరి. స్టూడియోవారు నీడను నిర్మింతురు. బ్రెస్సాఁ నీడను వెదకి పట్టెను. మార్గములు రెండైనను, క్షణము జారినచో తిరిగి రాదన్న సత్యము రెంటికిని ఒకటే.

అట్టి క్షణములను దాచిన గాజుపలకలకు తీరప్రాంతపు తేమ, ఉప్పుగాలి, చెద శత్రువులు. మనుష్యుల ఉపేక్ష వానికి తోడయ్యెను. 1955లో స్థాపితమైన పుదుచ్చేరి ఫ్రెంచి పరిశోధన సంస్థ, బ్రిటిష్ లైబ్రరీ వారి సహాయముతో, తమిళదేశపు స్టూడియోలలోను, ఇండ్లలోను మిగిలిన పాత చిత్రములను గత దశాబ్దమున డిజిటలు ప్రతులుగా భద్రపరచినది. దొరలు, జమీందారులే కాక, సామాన్య కుటుంబములును చరిత్రలో స్థానము పొందుటకు ఇది మార్గమయ్యెను.

నేడు ఆ పాతరీతి చిత్రములను మరల తీయవలెనని యువకులకు కుతూహలము కలుగుచున్నది. కంప్యూటరులో గోధుమరంగు పూసినంత మాత్రమున అది సిద్ధింపదు. ఒక్క స్పాట్‌లైటు, ఒక తెల్లని అట్ట, ఒక నల్లని తెర యున్న చాలును. మొదట ఒక్క దీపముతోనే ముక్కు నీడను స్థిరపరచి, పిదప తెల్లని అట్టతో చీకటి వైపును కొలదిగా తేర్చి, కడపట వెనుక దీపమును వెలిగింపవలెను. దీపము దూరము రెట్టింపైన వెలుగు నాలుగవ వంతగునన్న సూత్రము మరువరాదు. అన్నిటికంటె ముఖ్యము, ఎదుటి మనిషి మేనిచాయను మార్చక దానికి తగిన వెలుగు నిచ్చుట. పాతవారి నేర్పు మనకు ఆదర్శము కావలెను గాని, వారి మోజు కానక్కరలేదు.

బదిలీలపై ఊరూరు తిరుగు ఉద్యోగుల కుటుంబములకు ఇల్లు మారును, భాష మారును, పొరుగు మారును. గోడమీది తాత పటము మాత్రము వెంట వచ్చును. ఆ పటము వెనుక పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి యుంచుట చిన్న పని. పేరు తెలిసినవారు బ్రదికి యుండగానే ఆ పని జరుగవలెను. లేనిచో రెండు తరములకు ముఖము మిగులును గాని, మనిషి మిగులడు.