మనస్సు నివాసం: హృదయమా, శిరస్సా?

తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు లిపిలో వ్రాసిన ఒక సంస్కృత వైద్యగ్రంథపు ప్రతి ఉన్నది. అది సుమారు 1650 నాటిది. గ్రంథం పేరు భేలసంహిత. అనేక అధ్యాయాలు లుప్తమైన ఈ ప్రతి ఆధారంగానే కలకత్తా విశ్వవిద్యాలయం 1921లో ఆ గ్రంథాన్ని ముద్రించింది. తెలుగు లేఖకుని ఘంటం కాపాడిన ఈ గ్రంథంలో, భారతీయ వైద్యచరిత్రలో అరుదైన అభిప్రాయమొకటి కనిపిస్తుంది.

భేలుడు, అగ్నివేశుడు ఇద్దరూ పునర్వసు ఆత్రేయుని శిష్యులని సంప్రదాయం. అగ్నివేశుని తంత్రమే చరకసంహితగా మనకు దక్కింది. చేతనకు స్థానం హృదయమని చరకుడు చెప్పాడు, సుశ్రుతుడూ అంతే. భేలుడు మాత్రం మనస్సు శిరస్సుకు, తాలువుకు నడుమ ఉండి ఇంద్రియ విషయాలను గ్రహిస్తుందన్నాడు. ఉన్మాదంలో దోషాలు పైకెగసి మొదట మనస్సును, పిదప చిత్తాన్ని, చివరకు బుద్ధిని చెరుస్తాయని వివరించాడు. అయితే చిత్తాన్ని ఆయన కూడా హృదయంలోనే ఉంచాడు. కనుక నేటి నాడీశాస్త్రమంతా భేలుడికి తెలుసునని చాటడం ఆయనకు గౌరవం కాదు.

సుశ్రుతుని వంటి పరిశీలకుడు మెదడును ఎందుకు పట్టించుకోలేదు? సమాధానం ఆయన చెప్పిన పద్ధతిలోనే ఉన్నదని నా అభిప్రాయం. శవాన్ని దర్భ, ముంజగడ్డి వంటి వాటితో చుట్టి, పంజరంలో ఉంచి, మెల్లగా పారే నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, వట్టివేళ్లు, వెదురు మొదలైన వాటితో చేసిన కుంచెలతో పొరలు పొరలుగా రుద్ది చూడమన్నాడు. ఎముకలకు, స్నాయువులకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. వెన్నవంటి మెదడు ఏడు రాత్రులు ఆగదు. పని మాత్రం మన వైద్యులకు తెలియనిది కాదు: ఇంద్రియాలను ప్రేరేపించేది, మనస్సును నడిపేది వాయువని చరకసంహిత చెప్పింది. ఆ పని చేసే అవయవమే వారి కంట పడలేదు.

యోగతంత్రాలలోని నాడులు వేరొక మార్గం. ఇడా పింగళలను ఆధునిక నాడులతో సరిపోల్చడానికి 1915లో బ్రజేంద్రనాథ్ శీల్ వంటి పండితులు యత్నించారు. అంతకు ఎంతో ముందే దయానంద సరస్వతి గంగలో కొట్టుకుపోతున్న శవాన్ని ఒడ్డుకు లాగి, కోసి చూసి, గ్రంథాలు వర్ణించిన చక్రాలు కనబడకపోవడంతో ఆ పుస్తకాలను శవంతోపాటు నదిలో పారవేశానని తన ఆత్మకథలో వ్రాసుకున్నాడు. ధ్యానానుభవాన్ని శవంలో వెదకడం న్యాయమా అన్నది వేరే ప్రశ్న. ఆ సాహసం మాత్రం మెచ్చదగినది.

1836లో కలకత్తా వైద్య కళాశాలలో పండిత మధుసూదన్ గుప్త శవచ్ఛేదం చేశాడు. ఆయన అంతకుముందు సంస్కృత కళాశాలలో ఆయుర్వేదం బోధించిన వైద్యుడు. కత్తి పట్టిన చేతికి సుశ్రుతుడు పరిచితుడే!

ఆ కత్తి చూపే వ్యవస్థ ఇది: మెదడు, వెన్నుపాము కేంద్రం; మెదడు నుండి 12 జతలు, వెన్నుపాము నుండి 31 జతల నాడులు శరీరమంతటా వ్యాపిస్తాయి. వేడి పెనం తగిలిన వేలు, బాధ మనకు తెలియకముందే వెనక్కు వస్తుంది. ఆ ఆజ్ఞ వెన్నుపామే ఇస్తుంది. గుండె వేగం, ప్రేవుల కదలిక మన సంకల్పంతో నిమిత్తం లేని స్వయంచాలక విభాగం చేతిలో ఉంటాయి. మెదడులోని నాడీకణాలు సుమారు 8,600 కోట్లు. అవి అతుకులేని వలగా ఉన్నాయని ఇటలీ శాస్త్రవేత్త గోల్జీ, విడివిడి కణాలని స్పెయిన్‌కు చెందిన కహాల్ వాదించారు. 1906లో నోబెల్ బహుమతిని ఇద్దరూ పంచుకున్నారు. వేదికపై కూడా గోల్జీ ఎదుటి వాదాన్ని ఖండించాడు. చివరకు నిలిచింది కహాల్ మాటే.

మన భాషలో పాత చిక్కు ఇంకా మిగిలే ఉన్నది. వైద్యుడు మణికట్టు పట్టి చూసే నాడి నిజానికి ధమని. నరాలు తేలిన చేయి అన్నప్పుడు అవి సిరలు. నరాల బలహీనత అన్నప్పుడు మాత్రమే ఆ నరం మెదడుకు చెందినది.