నాలుగు మార్కుల కిటికీ

ఇంకా తెల్లారలేదు. 1913 ప్రాంతం. న్యూయార్క్ రాష్ట్రంలో జెనీవా ఊరికి దగ్గర్లో ఒక పశువుల కొట్టం. గడప దాటగానే పేడా ఎండుగడ్డీ కలిసిన వాసన మీ ముక్కుకు తగులుతుంది. లాంతరు వెలుగులో పాలధారలు బకెట్ అడుగున చుర్రుమంటున్నాయి. నిండేకొద్దీ ఆ చప్పుడు మెత్తబడుతోంది.

మీ పక్కన ఇన్‌స్పెక్టరు. చేతిలో కార్డు, చెవి మీద పెన్సిలు. మునుపు తనిఖీ అంటే వచ్చినాయన ఇష్టం: ఒకాయన ఫరవాలేదన్న కొట్టాన్నే ఇంకొకాయన ఛీ అనేవాడు. ఆ గొడవ తీరడానికి 1904లో వాషింగ్టన్ నగర ఆరోగ్యాధికారి విలియం వుడ్‌వర్డ్ మార్కుల కార్డు తయారుచేశాడు. తర్వాత వ్యవసాయ శాఖ దేశమంతటికీ ఒక నమూనా తెచ్చింది. కొట్టానికీ సామానుకూ 40, పనితీరుకు 60.

ఇన్‌స్పెక్టరు కిటికీలు కొలుస్తున్నాడు. ఆవుకు నాలుగు చదరపు అడుగుల అద్దం. నాలుగుకు నాలుగు! బకెట్ చూసి మొహం చిట్లించాడు. మూతి వెడల్పు, వెంట్రుకలూ పేడ రవ్వలూ నేరుగా పాలలోకే. ఇరుకు మూతిదైతే ఐదు మార్కులు. గోడ పగలగొట్టి పెట్టే కిటికీకి నాలుగు, బజారులో దొరికే బకెట్‌కు ఐదు. ఈ లెక్క వేసినవాడు ఎప్పుడైనా పాలు పితికాడా అనిపిస్తుంది మీకు.

"మార్కులు సరేనయ్యా, పాలు చూడరా?" అన్నాడు రైతు.

దానికి కార్డులో గడి లేదు.

ఆ చూడటమేదో జెనీవాలోని వ్యవసాయ ప్రయోగశాలలో జరిగింది. అగార్ పళ్లేల మీద పాలచుక్కలు వేసి, మొలిచిన సూక్ష్మజీవుల గుంపులు లెక్కపెట్టేవారు. 1915లో పరిశోధకుడు జేమ్స్ బ్రూ అక్కడి నుంచి వెలువరించిన బులెటిన్ చెప్పింది: కార్డు మార్కులకూ పాల నాణ్యతకూ పొంతన లేదు. పాలలోకి సూక్ష్మజీవులను చేర్చడంలో గోడల కంటే పాత్రలే అసలు దోషులని 1918లో ఇల్లినాయ్ పరిశోధకులు తేల్చారు.

కొట్టం వెనక్కి రండి. నిన్న కడిగిన క్యాన్లు, తడి ఆరకముందే మూత పెట్టేశారు. వేలు పెట్టి చూడండి, లోపల జిగట. ఇన్‌స్పెక్టరు పైనుంచి చూశాడు, కడిగినట్టే ఉన్నాయి, మార్కు వేశాడు.

బయట బండి వచ్చి ఆగింది. రైతు క్యాను మూత తీసి, వెచ్చని పాలు అందులో గుమ్మరిస్తున్నాడు.