యుద్ధవిమానముల వార్ధక్యము

1958 మార్చి 13వ తేదీన అమెరికా వైమానిక దళమునకు చెందిన రెండు బి-47 బాంబరు విమానములు ఆకాశముననే విరిగి కూలినవి. ఒకటి ఫ్లోరిడాలో, మరొకటి ఓక్లహోమాలో. శత్రువెవడును వాటిపై గుండు పేల్చలేదు. అవి ఎగిరిన కాలము రమారమి 2,000 నుండి 2,500 గంటలు మాత్రమే. మొట్టమొదటి బి-47 గాలిలోనికి లేచినది 1947 డిసెంబరులో. అనగా ఆ జాతికే పట్టుమని పదునొకండేండ్లు లేవు.

కారణము లోహపు అలసట. ఇనుప తీగను ఒకసారి వంచిన తెగదు. అదే చోట అటునిటు పలుమార్లు వంచిన తెగును. విమానము ఎగురునప్పుడు రెక్క పైకి వంగును, నేల దిగినప్పుడు క్రిందికి వ్రాలును, గాలికుదుపు తగిలినప్పుడెల్ల మరికొంత ఊగును. బోల్టులు దూర్చిన రంధ్రముల యంచున ప్రతిబలము హెచ్చు; పగులు సాధారణముగా అచ్చటనే పుట్టును.

బి-47 మిక్కిలి ఎత్తున ఎగురుటకు నిర్మింపబడినది. కాని రాడారుకు చిక్కకుండుటకై దానిని నేలకు దగ్గరగా నడిపి, ఒక్కుమ్మడి పైకెత్తి బాంబును విసరుట నేర్పిరి. క్రింది గాలిలో కుదుపులెక్కువ. విమానము ఏండ్లతో గాక పనితో ముదిసినదన్నమాట. ఆ యేడే బి-47లను వందలకొలది కర్మాగారములకు రప్పించి, రెక్కల మొదళ్ళు విప్పి, పరీక్షించి, బలపరచిరి. అచ్చటి మేకుల ఆకారమును బట్టి ఆ పనికి ‘పాలసీసా’ అని పేరు వచ్చినది! ప్రతి విమాన జాతికిని నిర్మాణపు ఆయుర్దాయమును లెక్కగట్టి కనిపెట్టియుండు పద్ధతియు 1958లోనే మొదలైనది.

అలసటకు తోడు క్షయము. అల్యూమినియమునకు ఎర్రని త్రుప్పు పట్టదు గాని, రేకుల అతుకుల నడుమ తేమ చేరిన లోహము తెల్లని పొడియై ఉబ్బును. 1956లో తొలిసారి ఎగిరిన కెసి-135 ఇంధన విమానములకు ఇది పెద్ద బెడద. అతుకు విప్పినగాని లోపలి స్థితి తెలియదు. విప్పిన పిదప అనుకొనని పని బయటపడును. కావుననే పాత విమానపు మరమ్మతునకు వ్యయమును, గడువును ముందుగా చెప్పుట కష్టము. అది షెడ్డులో నున్నన్నాళ్ళు దాని పనికి వేరొక విమానము కావలెను. ఈ నష్టము మరమ్మతు పద్దులో కనబడదు.

విడిభాగముల చిక్కు వేరు. చివరి బి-52 తయారైనది 1962లో. దాని ఎనిమిది ఇంజనుల తయారీ 1980లలోనే ఆగిపోయినది. ఆపైన ఏ భాగము కావలసినను పాతవాటి నుండి ఊడదీయవలెను, లేదా కొలదిగా ప్రత్యేకముగా చేయింపవలెను. కొలదిగా చేయించిన వస్తువు ఖరీదగుట సహజమే గదా. తుదకు 2021లో క్రొత్త ఇంజనులకై రోల్స్-రాయిస్ సంస్థకు గుత్త ఇచ్చిరి. అవి బిగించిన విమానమునకు బి-52జె అని పేరు నిర్ణయించిరి.